పోతగడ కోట: బోర్డు మీద ఏం రాయాలి, గోడకి ఏం పూయకూడదు

కళింగబాట
గంజాం ఊరి పక్కనున్న పోతగడకి బరంపురం నుంచి కాలేజీ పిల్లల్ని నడకకి తీసుకెళ్దామని అనుకుంటున్నాం. ఎవర్ని కదిపినా ఒకటే మాట, "అక్కడేముందండీ, తుప్పలూ మట్టిదిబ్బలూ" అని. హైవే మీద బస్సుల్లో పోయేవాళ్ళలో తల తిప్పి చూసేవాడే లేడు. రోడ్డు వైపు బోర్డు ఉంటే కొందరైనా ఆగుతారు. పైన ఒడియా, కింద తెలుగు. తెలుగు ముసాయిదా ఇదిగో, మొహమాటపడకుండా కొట్టేయండి:

"ఫ్రెంచివారు మొదలుపెట్టిన ఈ కోటను 1768లో ఇంగ్లీషువారు పూర్తి చేశారు. మరాఠాల దాడులను ఆపడానికి కట్టారు. అందం కోసం నక్షత్రం ఆకారంలో తీర్చారు. ఇక్కడి నుంచి ఖల్లికోట వరకు సొరంగం ఉంది. 1815లో వరద వచ్చి కోట పాడుబడింది."

ఇంకో సంగతి. మిగిలిన ఇటుక గోడలకి సిమెంటు పూసి "బాగు చేద్దాం" అని కొందరు మహా ఉత్సాహంగా ఉన్నారు. చందాలు కూడా పోగవుతున్నాయి. వద్దని చెప్పడానికి గట్టి కారణాలు కావాలి. "పాతది కదా, ముట్టుకోకూడదు" అంటే ఎవరూ వినరు.

ఇచ్ఛాపురం బండి
అయిదు వాక్యాల్లో నిలబడింది ఏటి మరి? 1768 ఒక్కటే కనిపిస్తోంది నాకు 😀

ఎగ్మూరు ఫైలు
బండి అన్నది నిజమే, 1768 ఉంచండి. మిగతావి ఒక్కొక్కటిగా చూద్దాం.

ఫ్రెంచివారి సంగతి. నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులు వాళ్ళకి ఇచ్చింది 1753లో. ఫ్రెంచి సేనాని బుస్సీ 1757లో కప్పాల వసూలుకి గంజాం వైపు వచ్చాడు, అదీ నిజమే. కానీ 1759 ఏప్రిల్‌లో ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్ మచిలీపట్నం కోట పట్టేశాక ఈ తీరంలో వాళ్ళ పని అయిపోయింది. 1765లో మొగలు పాదుషా ఫర్మానా, 1766 నవంబరులో నిజాంతో ఒప్పందం, వీటితో సర్కారులు ఈస్టిండియా కంపెనీ చేతికొచ్చాయి. గంజాంలో కంపెనీ మొదటి రెసిడెంటుగా, అంటే స్థానిక ప్రతినిధిగా, ఎడ్వర్డ్ కాట్స్‌ఫర్డ్ వచ్చి 1768లో ఈ కోట కట్టించాడు. ఫ్రెంచివారు మొదలుపెట్టింది, ఇంగ్లీషువారు పూర్తిచేసింది అంటూ ఏమీ లేదు. కాట్స్‌ఫర్డే తర్వాత ఇంగ్లండు వెళ్ళి 1784లో మిడ్‌హర్స్ట్ నుంచి పార్లమెంటు సభ్యుడయ్యాడు. బోర్డుకి అక్కర్లేదు గానీ పిల్లలకి చెప్పండి, ఇక్కడి సొమ్ము అక్కడ దేనికి పనికొచ్చిందో వాళ్ళే ఆలోచించుకుంటారు.

1815లో వచ్చింది వరద కాదు, జ్వరం. గంజాం అప్పటికి జిల్లా కేంద్రం. విషజ్వరాలు ప్రబలి జనం చచ్చిపోతుంటే దొరలు ఊరొదిలేశారు. కచేరీలు బరంపురం తరలాయి. జిల్లా కేంద్రం తర్వాత ఛత్రపురానికి మారి ఇప్పటికీ అక్కడే ఉంది. కోటని ఎవరూ పేల్చలేదు, కాల్చలేదు. కొలువు పోయింది కాబట్టి కోట పోయింది.

పర్లాకిమిడి వీధి
"మరాఠాల దాడులు" అన్న ముక్క మీద నా అభ్యంతరం. కోట కట్టిన 1768లోనే పర్లాకిమిడి జగన్నాథ నారాయణ దేవుతో జెల్మూరు దగ్గర కంపెనీ యుద్ధం చేసింది. కర్నల్ పీచ్ సైన్యం ఆయన్ని ఓడించింది. కాట్స్‌ఫర్డ్ వచ్చేసరికి గంజాం ప్రాంతం జమీందార్లు ఎవరూ శిస్తు కట్టే ధోరణిలో లేరు. చుట్టూ ఘుమ్సర్, ఖల్లికోట, అఠగడ, అడవులు, కోటలు, పైకులు (సంస్థానాల సైనికులు). అలాంటి చోట నలుగురు దొరలు, కొందరు సిపాయిలు, ఒక ఖజానా పెట్టె. అడ్డుగోడ లేకపోతే రాత్రి నిద్రెలా పడుతుంది? మరాఠాల పేరు చెబితే మద్రాసు నుంచి డబ్బు తొందరగా మంజూరవుతుంది, అంతే.

ఎగ్మూరు ఫైలు
వీధి గారూ, సగం ఒప్పుకుంటా. మంజూరు కోసం మరాఠాల బూచి చూపించారన్నది మాత్రం మీ ఊహ. పాత గెజిటీర్లు మరాఠాల నుంచి రక్షణకే కట్టారని స్పష్టంగా రాశాయి. అందుకు కారణమూ ఉంది. 1751 నుంచి ఒడిశా నాగపూర్ భోంస్లేల చేతిలో ఉంది. చిలికా దాటితే వాళ్ళ రాజ్యమే. గంజాం అంటే కంపెనీ మద్రాసు రాజ్యానికి చిట్టచివరి గడప.

ఆ గడప నుంచే 1803లో దండు కదిలింది. సెప్టెంబరు 8న కంపెనీ కర్నల్ హార్‌కోర్ట్ గంజాం నుంచి బయల్దేరాడు. చిలికాకీ సముద్రానికీ మధ్యనున్న ఇసుక దారిలో నడిచి 14కి మాణిక్‌పట్న, 18కి పూరీ చేరాడు. అక్టోబరు 14న కటకంలో బారబటి కోట పడిపోయింది. డిసెంబరులో దేవ్‌గావ్ ఒప్పందంతో భోంస్లేలు కటకం వదులుకున్నారు. కట్టినప్పుడు దాడి ఆపడానికైనా, అసలు పనికొచ్చింది దాడి చేయడానికి. ఈ ముక్క బోర్డు మీద ఉండాలి. నడకకి వచ్చిన ఒడియా పిల్లలకి ఇది వాళ్ళ చరిత్రలో పెద్ద తేదీ.

పర్లాకిమిడి వీధి
సరే, "మరాఠా సరిహద్దు మీద, లోపలి జమీందార్ల మధ్య" అని రెండూ రాయండి. 1803 ఉంచాల్సిందే.

ఇచ్ఛాపురం బండి
సొరంగం తీసేస్తే జనం రారు గురువుగారూ. మన తీరంలో ఏ కోటకైనా సొరంగం ఉండాల్సిందే, లేకపోతే దాన్ని కోట అనరు.

కొలతబద్ద
ఖల్లికోట వరకు సొరంగమా! ఋషికుల్య ఒడ్డు, సముద్రం పక్క, ఇసుక నేల. వర్షాకాలంలో బావి తవ్వితే ఎంత లోతులో నీళ్ళు పడతాయో ఆ ఊళ్ళో ఎవర్నైనా అడగండి. మనిషి నిలబడి నడిచే దారి తవ్వాలంటే కప్పుతో కలిపి 3 మీటర్లు దిగాలి. ఆ లోతులో ఇసుక నీళ్ళతో కలిసి జారుతుంది. రాతి కట్టడం, పంపులు లేకుండా నిలబెట్టడం ఆ రోజుల్లో అయ్యే పని కాదు. చేసినా ఏం లాభం? సరుకులొచ్చేది సముద్రం మీదే.

మరి జనం చూసేదేమిటి? ఇలాంటి కోటల్లో చీకటి కంతలు మూడు రకాలు. ఒకటి, గోడ అడుగున వాన నీరు కందకంలోకి పోయే తూము. రెండు, మట్టికట్ట కింద నుంచి కందకంలోకి తెరుచుకునే చిన్న దొంగదారి, ముట్టడిలో సిపాయిలు బయటికి దూకడానికి. పది పదిహేను అడుగులు పోయి ఆగిపోతుంది. మూడు, మందుగుండు కొట్టు: మందపాటి గోడలు, కమాను కప్పు, గాలి కంతలు తిన్నగా కాకుండా మడత తిరిగి ఉంటాయి, నిప్పురవ్వ నేరుగా లోపలికి పడకుండా. ఏ కంత కనిపించినా ముందు ఈ మూడింటిలో ఏదో చూడండి.

చట్టం సెక్షన్
సొరంగం కథ వట్టి కాలక్షేపం కాదు. దాని వెనకే నిధి కథ వస్తుంది, దాని వెనకే గునపాలు వస్తాయి. 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది: నేలలో దాగి దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి చెప్పాలి. పది రూపాయలే, పొరపాటు చదవలేదు. నడకలో ఎవరికైనా పాత రాగి డబ్బు కనిపిస్తే జేబులో వేసుకోవద్దని ముందే చెప్పండి.

కళింగబాట
సొరంగం పోయింది. "అందం కోసం నక్షత్రం" అన్నది కూడా తప్పేనా? ఉపగ్రహ చిత్రంలో ముక్కులు చక్కగా కనిపిస్తాయి కదా.

కొలతబద్ద
అందం కోసం అయితే దిబ్బలకి అంత ఖర్చు పెట్టరు. అసలు పిల్లలకి చూపించాల్సిందే ఇది, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నా.

గుండ్రటి బురుజు ఉన్న పాత కోటలో బురుజు ముందు పాదం దగ్గర ఒక మూల మిగిలిపోతుంది. పక్క బురుజుల మీది తుపాకులు అక్కడికి చేరవు, పైనున్నవాడు కిందికి వంగితే తల పోతుంది. శత్రువు ఆ మూలకి చేరి గోడ కింద తవ్వుకుంటాడు. బురుజుని గుండ్రంగా కాకుండా ముక్కుగా లాగితే ఆ మూల మాయమౌతుంది. ముక్కుకి రెండు ముఖాలు, గోడ వైపు రెండు పక్కలు ఉంటాయి. ఒక బురుజు పక్క నుంచి కాల్చే గుండు ఎదుటి బురుజు ముఖం వెంబడే దూసుకుపోతుంది. అన్ని ముఖాలకీ ఇలా కాపలా పెడితే పైనుంచి చూసేవాడికి నక్షత్రం కనిపిస్తుంది.

దాన్నిబట్టి కొలతలూ వస్తాయి. అప్పటి తుపాకీ మనిషిని నమ్మకంగా కొట్టేది వంద మీటర్ల లోపే. అందుకే ఇలాంటి కోటలో బురుజు పక్కకీ, ఎదుటి బురుజు కొసకీ మధ్య దూరం తుపాకీ అందే మేరలో ఉంచుతారు. పిల్లల చేత ఒక దిబ్బ కొస నుంచి ఇంకో దిబ్బ కొసకి అడుగులు వేయించండి, లెక్క వాళ్ళకే తేలుతుంది.

ఇక "మట్టిదిబ్బలే కదా" అన్న మాట. ఆ మట్టే కోట. ఎత్తైన రాతి గోడకి ఫిరంగి గుండు తగిలితే ముక్కలైపోతుంది. మట్టికట్ట గుండుని మింగేస్తుంది. కందకం తవ్విన మట్టినే లోపలి వైపు కట్టగా పోసి, జారకుండా ముఖానికి ఇటుక తొడుగు వేయడం ఆనాటి పద్ధతి. తొడుగు ఊడితే ఇసుక మట్టి నిటారుగా నిలవదు. ఒక మీటరు ఎత్తుకి ఒకటిన్నర మీటర్ల వాలు కావాలి, అంటే 4 మీటర్ల ఎత్తుకి అడుగున 6 మీటర్లు. జారిన మట్టి కందకంలో పడుతుంది. కట్ట తగ్గుతుంది, కందకం పూడుతుంది, ఇంకో రెండు వందల ఏళ్ళకి "ఏముందక్కడ" అంటాం.

ఇచ్ఛాపురం బండి
ఇంత చెప్పాక నాకూ చూడాలనిపిస్తోంది. ఎప్పుడెళ్తే బాగుంటాది? వానల్లో అయితే ఆ తుప్పల్లో కాలు పెట్టలేం, పురుగూ పుట్రా.

కొలతబద్ద
జనవరి చివర నుంచి మార్చి మొదటి వారం దాకా. గడ్డి పడుకుని ఉంటుంది. కందకం పూడిన చోట తేమ ఎక్కువ నిలుస్తుంది కాబట్టి చుట్టూ ఎండినా ఆ గీతలో పచ్చగా ఉంటుంది, కందకం ఎటు తిరిగిందో గడ్డే చెప్పేస్తుంది. ఎండ పల్చగా వాలినప్పుడు, అంటే ఉదయం ఏడు లోపు, సాయంత్రం నాలుగున్నర తర్వాత, అడుగు ఎత్తు తేడా కూడా నీడగా కనిపిస్తుంది. మిట్టమధ్యాహ్నం వెళ్తే ఏమీ లేదనే అంటారు, వాళ్ళ తప్పు కాదు. కాలికి బూట్లు, చేతిలో కర్ర.

పిల్లల చేత కొలిపించాలంటే ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. 30 మీటర్ల టేపు, మేస్త్రీలు వాడే నీటి మట్టం పైపు (పారదర్శకంగా ఉన్నది, 15 మీటర్లు), రెండు కర్రలు. ముందు చదునుగా ఉన్నచోట రెండు మేకుల మధ్య ఒక మూలరేఖ వేసుకోండి. దాని మీద ప్రతి 5 మీటర్లకి ఎత్తు తీసుకుంటూ దిబ్బని అడ్డంగా దాటండి. కందకం బయటి ఒడ్డు దాకా పోవాలి, సగంలో ఆపితే కట్ట ఎత్తు తెలియదు. పైపులో ఒక్క గాలి బుడగ ఉన్నా రెండు మూడు సెంటీమీటర్లు తప్పు వస్తుంది. అందుకని మొదట రెండు కొసలూ పక్కపక్కన పెట్టి నీరు సమానమో కాదో చూడాలి, మధ్యాహ్నానికి ఇంకోసారి. ఫోను జీపీఎస్‌తో కొసలు గుర్తించొద్దు. మూడు నుంచి అయిదు మీటర్లు అటూ ఇటూ పోతుంది, చిన్న కోటలో బురుజు ఆకారమే మారిపోతుంది.

కళింగబాట
డ్రోను?

చట్టం సెక్షన్
ముందు డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాపులో ఆ చోటు ఏ రంగులో ఉందో చూడండి. గోపాల్‌పూర్‌లో సైన్యం వైమానిక రక్షణ కళాశాల ఉంది, ఆ పక్క గగనతలం తేలిగ్గా తీసుకునేది కాదు. పచ్చ జోను కాకపోతే అనుమతి లేకుండా ఎగరేయొద్దు. పైగా ఫిబ్రవరి, మార్చిల్లో ఋషికుల్య ముఖద్వారం దగ్గర ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి, అటవీ శాఖ వాళ్ళు కాపలా ఉంటారు. ఇసుక తిన్నె వైపు పిల్లల్ని, టార్చిలైట్లని తీసుకెళ్ళొద్దు.

సమాధిరాళ్ళు
అయిదు వాక్యాల్లో ఒక్కటీ దొరల స్మశానం గురించి లేదే! కోటకి దగ్గర్లోనే ఉంది. 1815 జ్వరం గురించి చెప్పాలంటే అంతకన్నా మంచి చోటు లేదు.

అక్కడ చేయకూడనివి ఉన్నాయి. రాత కనబడాలని సుద్ద పూయడం, పిండి జల్లడం, తడిపి వైరు బ్రష్షుతో రుద్దడం, ఆఖరికి యాసిడ్ పోయడం. సున్నపు పూతకి యాసిడ్ తగిలితే అక్షరంతో సహా పొంగిపోతుంది. పిండి గింజలు కంతల్లో చేరి నాచు పెంచుతాయి. పక్క నుంచి వెలుతురు పడితే చాలు: అద్దంతో ఎండని ఒక వైపు నుంచి రాతి మీదికి వాల్చండి, లేదా సాయంత్రం ఫోను టార్చి రాతికి దాదాపు ఆనించి పక్కగా పట్టుకుని నాలుగు వైపుల నుంచి నాలుగు ఫోటోలు తీయండి. ఒకదాంట్లో కనబడని గీత ఇంకోదాంట్లో కనబడుతుంది. దుమ్ము ఉంటే మంచినీళ్ళు, మెత్తటి కుంచె. పొర లేస్తున్న రాయిని అది కూడా తాకొద్దు.

అరిగిపోయిన పేర్లు ఊహించి రాసెయ్యకండి. మద్రాసు రాజధాని సమాధుల శాసనాలన్నీ జె.జె. కాటన్ 1905లో జాబితా వేశాడు, గంజాం జిల్లా కూడా అందులో ఉంది. రాయితో పోల్చి చూసుకోండి.

ఎగ్మూరు ఫైలు
దానికి తోడు ఒక మాట. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా గంజాం మద్రాసులో భాగం. అందుకని కంపెనీ నాటి ఉత్తరప్రత్యుత్తరాలు భువనేశ్వర్‌లో వెతికితే దొరికేది తక్కువ, చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో వెతకాలి. అడిగేటప్పుడు "పోతగడ" అంటే కుదరదు. "గంజాం కోట" అనీ, సంవత్సరం వారీగా జిల్లా రికార్డులనీ అడగాలి. 1768కీ 1815కీ మధ్య కోటకి రిపేర్ల ఖర్చు పద్దులు ఎక్కడ కనబడినా వదలొద్దు. ఎన్ని ఇటుకలు, ఎంత సున్నం, ఏ వైపు గోడ అన్నది ఆ పద్దులే చెబుతాయి.

కళింగబాట
ఇక సిమెంటు గొడవ. పెద్దలు చెప్పండి.

గానుగసున్నం
దీనికి నేనున్నా.

పాత ఇటుక మెత్తన, సున్నపు దరుజు (ఇటుకల మధ్య సందులో నింపేది) ఇంకా మెత్తన. నేలలోంచి, గాలిలోంచి గోడలోకి ఉప్పు, తేమ నిత్యం వస్తుంటాయి. సముద్రం పక్క ఇది ఆపలేని పని. సున్నం దరుజు ఉన్న గోడలో తేమ ఆ దరుజుల గుండా బయటికి పోయి ఆరుతుంది. ఉప్పు దరుజులోనే గడ్డకట్టి, దరుజే కొంచెం కొంచెంగా రాలుతుంది. ముప్పై నలభై ఏళ్ళకి మళ్ళీ పూడ్చుకోవాలి, అది మామూలు ఖర్చు. సిమెంటు పూస్తే తేమకి దారి మూసుకుంటుంది. నీరు ఇటుకలోంచి పోవాల్సి వస్తుంది, ఉప్పు ఇటుక ముఖం వెనక గట్టిపడి ఉబ్బుతుంది. రెండు మూడు వానాకాలాలకి సిమెంటు గీత అలాగే నిలబడి, ఇటుక మాత్రం లోపలికి గుల్లైపోయి కనిపిస్తుంది. పైగా సిమెంటులోనే కరిగే లవణాలుంటాయి, వాటినీ గోడకి తాగించినట్టే. ఒకసారి పూసినదాన్ని ఊడదీస్తే ఇటుక ముఖం దాంతోపాటే వస్తుంది.

చేసేదేదైనా సున్నంతో. కానీ ముందు మూడు పనులు.

చెట్లు. గోడలో మొలిచిన రావి, మర్రి మొక్కల్ని పీకొద్దు. వేరుతోపాటు పది ఇటుకలు వస్తాయి. మొదలు దగ్గర కోసి, కోసిన వెంటనే ఆ తడి మీద కలుపుమందు కుంచెతో పూయాలి. ఆలస్యమైతే గాటు మూసుకుని మందు దిగదు. వేరు చచ్చి ఎండాక, దాన్ని తీసి ఆ కంతని సున్నంతో నింపాలి.

ఉప్పు. గోడ మీద తెల్లగా పొంగితే తడి గుడ్డతో తుడవొద్దు, కరిగి లోపలికే పోతుంది. పొడిగా ఉన్నప్పుడు మెత్తటి కుంచెతో దులిపి, రాలిన పొడి పట్టుకుని దూరంగా పారేయాలి. ఎక్కువగా ఉంటే కాగితపు గుజ్జు డిస్టిల్డ్ వాటరుతో తడిపి అంగుళం మందాన గోడకి అంటించి, పూర్తిగా ఎండేదాకా ఉంచి ఊడదీయాలి. ఆ గుజ్జుని నీళ్ళలో కలిపి విద్యుద్వాహకత చూస్తే ఉప్పు ఎంత తగ్గిందో తెలుస్తుంది. తగ్గేదాకా మళ్ళీ మళ్ళీ.

నీటి దారి. గోడ నెత్తి మీద వాన నిలుస్తుంటే కింద ఎన్ని దరుజులు పూడ్చినా దండగ.

గానుగసున్నం
దరుజు పూడ్చే విధం. పాత దరుజుని చేతి ఉలితో, వెడల్పుకి రెండింతలు లోతు తీయాలి, కనీసం 20 మిల్లీమీటర్లు. కరెంటు గ్రైండరు పెడితే ఇటుక అంచు కోసుకుపోతుంది. దుమ్ము ఊదేసి, గోడ తడపాలి. నీరు కారుతూ ఉండకూడదు. పాళ్ళు: నానబెట్టిన సున్నం ఒక పాలు, ఇసుక రెండు, సుర్కీ (ఇటుక పొడి) ఒకటి. సుర్కీకి తక్కువ కాలిన మెత్తటి ఇటుక కావాలి. నల్లగా మాడిన ఇటుక పొడి ఇసుకలాగే పడి ఉంటుంది, సున్నంతో కలవదు. సున్నం కనీసం రెండు వారాలు నీళ్ళ కింద నానాలి, నెలలు నానితే ఇంకా మంచిది. సగం మరిగిన ముద్దలు మిగిలితే గోడలోకి వెళ్ళాక ఉబ్బి పెచ్చు లేపుతాయి. ఒక్కో పొర 10 మిల్లీమీటర్లు మించకుండా నొక్కుతూ నింపాలి. గోనె పట్టాలు కట్టి కనీసం పది రోజులు తడి ఆరనివ్వకూడదు.

ఉప్పుగాలి
గానుగ గారు చెప్పినదాంట్లో ఇసుక గురించి ఒక్కటి కలపాలి. ఋషికుల్య ముఖద్వారం దగ్గర ఇసుక వద్దే వద్దు. పోటు నీరు ఎక్కే మేరంతా ఆ ఇసుకలో ఉప్పే. పైన, అస్కా వైపు నుంచి తెచ్చినదైనా కడిగి వాడాలి. నీళ్ళు కూడా అంతే, ఊరి బోరు నీరు ఉప్పగా ఉంటే మరమ్మతు పేరుతో మీరే ఉప్పు ఎక్కిస్తున్నారు.

ఇంకోటి, సున్నంలో కలిపే కరక్కాయ, బెల్లం మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోతేనే మంచిదేమో 😀

ఇచ్ఛాపురం బండి
అదేటి, కరక్కాయ బెల్లం లేకుండా మా తాతల కాలం గోడే లేదు కదా?

ఉప్పుగాలి
ఉంది, పని చేస్తుంది. కానీ బెల్లం పాలు కొంచెం పెరిగితే సున్నం గట్టిపడటమే ఆలస్యమౌతుంది, చీమలు బోనస్. ఎవరో యూట్యూబులో చెప్పిన కొలత పట్టుకుని కోట గోడ మీద ప్రయోగం చేయొద్దు.

గానుగసున్నం
ఉప్పుగాలితో ఇక్కడ విభేదిస్తా. కరక్కాయ నీళ్ళు పులియబెట్టి కొద్దిగా కలిపితే దరుజు పని చేయడానికి అనువుగా ఉంటుంది, త్వరగా ఆరి పగలదు. గాలి తీవ్రంగా ఉండే తీరంలో అది చిన్న లాభం కాదు. అయితే ప్రయోగం గోడ మీద కాదు, విడి ఇటుకల మీద చేయాలన్నది ఒప్పుకుంటా. నాలుగు రకాల పాళ్ళతో నాలుగు పలకలు వేసి, ఆరుబయట ఒక వానాకాలం గడవనివ్వండి. గట్టిపడిందో లేదో తెలియాలంటే పలక విరిచి ఫినాల్ఫ్తలీన్ చుక్క వేయండి. గులాబి రంగొచ్చినంత మేర సున్నం ఇంకా గాలి పీల్చుకోలేదని అర్థం.

కాలం: నవంబరు చివర నుంచి ఫిబ్రవరి. అక్టోబరు తుపానుల నెల, 2013లో అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. కొత్త సున్నం అలాంటి వానకి నిలవదు.

చట్టం సెక్షన్
మీరిద్దరూ పాళ్ళ మీద కొట్టుకునే ముందు, అసలు ఆ గోడ మీద ఎవరికీ చేయి వేసే హక్కు లేదని గుర్తుపెట్టుకోండి. కళింగబాట గారి చందాల బృందానికి ఇది చదివి వినిపించండి:

కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడమైతే చుట్టూ 100 మీటర్లు నిషిద్ధం, ఆ పైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. పాడుచేస్తే రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. రాష్ట్ర జాబితాలో ఉంటే 1956 నాటి ఒడిశా చట్టం. రెండింటిలోనూ లేకపోతే ఎవరి భూమో రెవెన్యూ రికార్డు చూడాలి. ఒడిశా భూలేఖ్ సైటులో జిల్లా, తహసీలు, మౌజా ఎంచుకుంటే ఖాతా, ప్లాటు నెంబరు, భూమి కిసం (ఏ రకం భూమో) వస్తాయి. అంతా ఒడియా లిపిలోనే ఉంటుంది, చదివేవాళ్ళని పక్కన పెట్టుకోండి. ప్లాటు నెంబరు చేతిలో లేకుండా ఏ ఆఫీసుకి వెళ్ళినా "వేరే ఆఫీసుకి వెళ్ళండి" అనే వింటారు. బోర్డు హైవే హద్దులో పెడితే జాతీయ రహదారుల సంస్థ అనుమతి వేరే.

పర్లాకిమిడి వీధి
మంచిది. చందాల వాళ్ళకి జైలు ముక్క చాలు, కాగితపు గుజ్జు దాకా పోనక్కర్లేదు.

కళింగబాట
ముసాయిదా 2:

"1768లో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటు ఎడ్వర్డ్ కాట్స్‌ఫర్డ్ కట్టించిన కోట ఇది. అప్పుడు చిలికా అవతల మరాఠా రాజ్యం, ఇవతల జమీందార్ల సంస్థానాలు. ప్రతి బురుజు పక్క బురుజు ముఖాన్ని కాపాడేలా నక్షత్రం ఆకారంలో తీర్చారు. 1803 సెప్టెంబరులో ఒడిశా మీదికి కంపెనీ సైన్యం గంజాం నుంచే కదిలింది. 1815లో జ్వరాలు ప్రబలి జిల్లా కేంద్రం బరంపురం తరలింది. మీకు కనిపించే మట్టి దిబ్బలు కోట గోడలే; దయచేసి తవ్వకండి, ఎక్కకండి."

ఎగ్మూరు ఫైలు
బాగుంది. తేదీలు సరిపోయాయి.

ఇచ్ఛాపురం బండి
"ఎక్కకండి" చూసిన వెంటనే ఎక్కుతారు సెల్ఫీకి. కారణం కూడా రాయండి: ఎక్కితే మట్టి జారుతుంది అని.

కొలతబద్ద
నడిచే దారి ఒకటి చూపించి "ఇటు నడవండి" అంటే మేలు. దిబ్బ నెత్తి మీద కాలిబాట పడితే వాన నీరు ఆ గాడిలోనే పారుతుంది, రెండు సంవత్సరాలకి కట్ట చీలుతుంది. కందకం బయటి ఒడ్డు వెంట తిప్పండి. అక్కడి నుంచే ఆకారం బాగా తెలుస్తుంది.

ఉప్పుగాలి
బోర్డు దేనితో చేస్తున్నారు? ఫ్లెక్సీ అయితే ఒక్క ఎండాకాలం. మామూలు స్టీలు 304 అంటగడతారు దుకాణాల్లో, సముద్రపు గాలికి ఏడాదిలో గోధుమ రంగు చుక్కలు పడతాయి. 316 అడగండి, బిల్లు మీద రాయించుకోండి. బోల్టులు కూడా 316వే, మామూలు ఇనుప బోల్టు వేస్తే ముందు అదే తుప్పుపట్టి విరుగుతుంది. అక్షరం ఎత్తు 20 మిల్లీమీటర్లకి తగ్గితే తెలుగు వత్తులు దూరం నుంచి ముద్దగా కనిపిస్తాయి.

కొలతబద్ద
స్తంభాల గుంతలు కట్ట మీద గానీ కందకంలో గానీ తవ్వొద్దు. రోడ్డు వైపు చదును నేల మీద బరువైన దిమ్మె పోసి, దానికి బోల్టులు బిగించండి. ఎప్పుడైనా మార్చాల్సొస్తే దిమ్మెతో సహా ఎత్తేయొచ్చు.

కళింగబాట
దిమ్మె ఎంత సైజు? అక్కడ గాలి మామూలుగా ఉండదు.

ఉప్పుగాలి
బోర్డు వైశాల్యం చెప్పండి, లెక్క వేసి పెడతా. ఫైలిన్ గాలి గంటకి 200 కిలోమీటర్లు దాటింది, ఆ వేగానికే వేయాలి. చిన్నగా, వాలుగా, మోకాలి పైకి ఉండే బల్ల బోర్డు అయితే దిమ్మె సగం తగ్గుతుంది.